ఎండుగడ్డికి గాలి కావాలి, పెల్లెట్లకు మూత కావాలి

మూత తీసేసరికి గుప్పున ముక్క వాసన కొట్టింది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా, బిగుతుగా పట్టే మూత, లోపల అడుగు నుంచి అంచు దాకా కూరిన ఎండుగడ్డి. మూత లోపలివైపు సన్నటి నీటి బొట్లు. పైపొర చూడటానికి బాగానే ఉంది, ఇంకా పచ్చగానే ఉంది. చెయ్యి పెట్టి జానెడు లోతు నుంచి ఒక గుప్పెడు లాగితే మాత్రం పరకలు విడివిడిగా రాలేదు, చాపలా అతుక్కుని వచ్చాయి. వాటి మధ్య బూడిదరంగు నూగు. విదిలిస్తే పొగలా లేచింది.

అప్పటికి మా కుందేలు మబ్బు గడ్డి సరిగా తినక అయిదు రోజులైంది. గిన్నెలో పెల్లెట్లు, అంటే గుళికలుగా చేసిన దాణా, వేస్తే పరుగెత్తుకొచ్చేది, ఆకులు పెడితే తినేది. గడ్డి దగ్గరికి మాత్రం వచ్చి, ముక్కు ఆడించి, వెనక్కి తిరిగేది. "అమ్మా, దీనికి ఈ గడ్డి నచ్చట్లేదు, మారుద్దాం" అని మా అమ్మాయి రెండుసార్లు అంది. పెల్లెట్ల రుచి మరిగిందిలే అని నేను పెల్లెట్లు తగ్గించాను. ఆకలేస్తే గడ్డి అదే తింటుందనుకున్నాను. అయిదో రోజు పొద్దున లిట్టర్ ట్రేలో పెంటికలు సగానికి పడిపోయాయి, ఉన్నవి మిరియాలంత చిన్నగా ఉన్నాయి. సాయంత్రానికి అది ఏమీ ముట్టకుండా ఒక మూలన ముడుచుకుని కూర్చుంది.

ఆ రాత్రి డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఏం పెడుతున్నారు?" అని. టిమోతీ అనే రకం ఎండుగడ్డి, కొలిచి పెల్లెట్లు, రోజూ కడిగిన ఆకులు అని చెప్పాను. తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండో ప్రశ్న "గడ్డి ఎక్కడ నిల్వ చేస్తారు?" అని. దానికి నేను చెప్పిన జవాబు నాకే సరిగా అనిపించలేదు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని ఆ డబ్బా మూత తీయడం.

మబ్బు పేగులు మళ్లీ మామూలుగా కదలడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది కాబట్టే ఇది రాస్తున్నాను. కుందేలుకు ఏం పెట్టాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. తెచ్చినదాన్ని ఇంట్లో ఎలా ఉంచాలన్నది మాత్రం అల్మారా సర్దుకునే పనిగా, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చులే అన్నట్టుగా వదిలేస్తాం. నిల్వ చేయడం తిండి పెట్టడంలో భాగం. మంచి గడ్డి కొని చెడ్డగా నిల్వ చేస్తే, కుందేలు వైపు నుంచి చూస్తే, మనం చెడ్డ గడ్డి కొన్నట్టే.

కుక్క విషయంలో, పిల్లి విషయంలో ఇంత పట్టింపు అక్కర్లేదేమో అనిపించవచ్చు. కుందేలు వేరు. అది వాంతి చేసుకోలేదు. పాడైనది ఏదైనా మింగిందంటే అది మొత్తం పేగుల గుండా పోవాల్సిందే. దాని తిండిలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి, ఎందుకంటే ఆ పీచే పేగుల్ని నడిపిస్తుంది. చిన్న పేగు చివర సీకమ్ అనే పెద్ద సంచిలో బ్యాక్టీరియా ఈ పీచులో కొంత భాగాన్ని పులియబెట్టి కుందేలుకు పోషకాలుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా సమతూకం చెడితే గ్యాస్ పట్టేస్తుంది, నొప్పికి తిండి మానేస్తుంది, తిండి మానేయడంతో పేగులు ఇంకా మందగిస్తాయి. పళ్ల సంగతి సరేసరి. ఉన్న 28 పళ్లూ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పైదవడ ముందుపళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. అందుకే 12 గంటలు ఏమీ తినని కుందేలును ఎమర్జెన్సీగా చూడాలంటారు. పొద్దున్నే తీసుకెళ్దాంలే అని ఆగేంత సమయం ఉండదు.

ఇంకొక సంగతి, ఇది కుందేలు పెంచేవాళ్లందరికీ అనుభవమే. దానికి ముక్కే పెద్ద దిక్కు. తిండి నోటి దగ్గరికి వచ్చాక అది దానికి సరిగా కనపడదు, వాసనతో, మీసాలతో, పెదవులతో తెలుసుకుంటుంది. మనకు ఏ వాసనా తగలని గడ్డిలో దానికి బూజు తెలుస్తుంది. గడ్డి వద్దని తిరిగిపోయిందంటే మొండికేసిందనుకోకండి. ముందు సంచీ అడుగు దాకా చెయ్యి పెట్టి చూడండి.

నేను చేసిన తప్పు చాలా ఇళ్లలో జరిగేదే. మనది వంటింటి అలవాటు. పిండి, చక్కెర, పొడులు అన్నీ మూత బిగించి పెడతాం, గాలి తగిలితే మెత్తబడతాయి కాబట్టి. గడ్డికీ అదే సూత్రం అనుకుంటాం. ఎండుగడ్డి ఎంత గలగలలాడినా అందులో కొంత తేమ ఎప్పుడూ ఉంటుంది. కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టేనాటికి తేమ సుమారు 15 శాతం లోపు ఉండాలి. అంతకు మించి ఉంటే కట్ట లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. పచ్చిగా ఉండగానే కట్టేసిన పెద్ద కట్టలు అలా లోలోపల వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుని గిడ్డంగులు తగలబడిన సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో పెట్టుకునే నాలుగు కిలోలకు అంత ప్రమాదం లేదు. బూజు రావడానికి మాత్రం ఆ తేమే చాలు. పగలు గది వేడెక్కితే గడ్డిలోని తేమ ఆవిరిగా లేస్తుంది. రాత్రి చల్లబడగానే మూతకు బొట్లు కడుతుంది. ఆ బొట్లు మళ్లీ గడ్డి మీదే పడతాయి. మూత బిగుతుగా ఉన్నంతకాలం ఆ తేమకు బయటికి దారి ఉండదు. నేను చూసిన నీటి బొట్లు అవే.

కాబట్టి గడ్డికి గాలి ఆడాలి. ఇప్పుడు నేను వాడేవి పాత నూలు దిండు గలీబులు, రెండు అట్టపెట్టెలు. పెట్టెకు నాలుగు వైపులా చిల్లులు పొడిచాను. గలీబును మూడొంతులే నింపుతాను, కూరను. నేల మీద పెట్టను, గోడకు ఆనించను. నేల నుంచి జానెడు ఎత్తులో పలకల మధ్య సందులున్న అర మీద, గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉంటాయి. వారానికోసారి సంచీని తలకిందులు చేసి పెడతాను, అడుగున ఉన్నదానికీ గాలి తగలాలని. ఎండ నేరుగా పడే చోటు కూడా పనికిరాదు. ఎండకు రంగు వెలిసి, విటమిన్ ఎ తయారీకి పనికొచ్చే కెరోటిన్ పోతుంది, వాసన కూడా చప్పబడుతుంది. బాత్రూమ్ పక్కన, వాషింగ్ మెషీన్ మీద, పొయ్యికి దగ్గరగా పెట్టేవాళ్లను చూశాను. ఖాళీ ఉందని పెడతారు, కానీ ఇంట్లో ఆవిరి ఎక్కువగా ఉండే చోట్లు సరిగ్గా అవే.

బూజు పట్టిందా లేదా అన్నది పైన చూస్తే తెలియదు. అడుగు నుంచి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. మంచి గడ్డికి తియ్యటి ఎండు వాసన ఉంటుంది. చెమ్మగిల్లిన గది వాసన, పాత పుస్తకాల వాసన వస్తే అది పనికిరాదు. రంగు పసుపు తిరిగితే భయపడక్కర్లేదు, పోషకాలు కొంచెం తగ్గి ఉంటాయి అంతే. తెలుపు, బూడిద, నలుపు మచ్చలు, అతుక్కుపోయిన పరకలు, విదిలిస్తే లేచే పొడి, ఇవి కనిపిస్తే ఆ సంచీ మొత్తం పారేయాలి. ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు. బూజు ఉన్న గుప్పెడు తీసేసి మిగతాది ఎండలో పెట్టి వాడుకోవచ్చు కదా అంటారు. నేను కూడదనే అంటాను. కనిపించే నూగు బూజులో ఒక భాగం మాత్రమే, దాని విత్తనాల్లాంటి కణాలు అప్పటికే సంచీ అంతా పరుచుకుని ఉంటాయి. కొన్ని బూజులు వదిలే విషాలు ఎండకు, వేడికి పూర్తిగా పోవు. అఫ్లాటాక్సిన్ అలాంటిదే, ముఖ్యంగా గింజల్లో, వాటితో చేసిన దాణాలో వస్తుంది. ఆ విషానికి బాగా లోనయ్యే జంతువుల్లో కుందేలు ఒకటి. పారేసిన గడ్డికి బాధపడటం సహజం. నేనూ ఆ డబ్బా గడ్డంతా పారబోస్తూ చాలా బాధపడ్డాను.

"పెద్ద కట్ట కొంటే కలిసొస్తుంది కదా" అన్నది రెండో వాదన. దీన్ని కొట్టిపారేయను. పొడిగా, గాలి ధారాళంగా ఆడే గది ఉన్నవాళ్లు ఏడాదికి సరిపడా గడ్డి ఉంచుకోవచ్చు. బాగా ఎండిన గడ్డి అంతకాలం నిలుస్తుంది కూడా. చిన్న ఇంట్లో, బట్టల అల్మారా పక్కన ఉంచుకునేవాళ్లు మాత్రం ముందు లెక్క చూసుకోవాలి. నేను ఆ గొడవ అయ్యాకే మొదటిసారి తూకం వేశాను. మబ్బు బరువు 2 కిలోలు. దానికి రోజుకు 130 గ్రాముల గడ్డి వేస్తున్నాను, తిన్నది పోను మిగిలినది ట్రేలో పరుపుగా పోతుంది. నెలకు 4 కిలోలకు కాస్త తక్కువ. నేను తెచ్చిన కట్ట 20 కిలోలు. అంటే అయిదు నెలల గడ్డిని, నెలకు సరిపడా కూడా సరైన చోటు లేని ఇంట్లోకి తెచ్చి డబ్బాలో కుక్కాను. చవగ్గా వచ్చిందనుకున్న దాంట్లో సగానికి పైగా చెత్తలోకి పోయింది, ఆసుపత్రి ఖర్చు దానికి అదనం. అప్పటి నుంచి ఆరు వారాలకు మించి కొనడం లేదు.

రెండు వారాల నిల్వ కంటే తగ్గనివ్వడం కూడా లేదు. ఇది మొదటిదానికంటే ముఖ్యమైన లెక్క. గడ్డి అయిపోయి, అలవాటైన రకం దొరక్క, ఏదో ఒకటి తెచ్చి వేస్తే కుందేలు మొహం తిప్పుకుంటుంది. పెల్లెట్లు ఒక్కసారిగా మారిస్తే పొట్ట చెడుతుంది. ఏది మార్చినా పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో మార్చాలి. అలా కలపాలంటే పాతది ఇంట్లో మిగిలి ఉండాలి కదా. హడావిడిలో ఎక్కడిదో తెలియని గడ్డి తేవడానికి ఇంకొక భయం ఉంది. కుందేళ్లకు రక్తస్రావంతో ప్రాణం తీసే వైరస్ జబ్బు ఒకటి 1984లో చైనాలో బయటపడింది. దాని రెండో రకం 2010లో ఫ్రాన్స్‌లో కనిపించి చాలా దేశాలకు పాకింది. ఆ వైరస్ పొడి వస్తువుల మీద నెలల తరబడి బతకగలదు. అడవి కుందేళ్లు తిరిగిన పొలం గడ్డితో కూడా ఇల్లు చేరగలదు. టీకా దొరికే చోట వేయించడం, జబ్బు నడుస్తున్న ప్రాంతం గడ్డి కొనకపోవడం మన చేతిలో ఉన్నవి. చేతిలో రెండు వారాల గడ్డి ఉంటే ఎక్కడిదని అడిగి కొనే తీరిక ఉంటుంది.

పెల్లెట్లకు వచ్చేసరికి ఇదంతా తిరగబడుతుంది. వాటికి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. వాటిలో కలిపిన విటమిన్లు, ముఖ్యంగా ఎ, ఇ, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. కొవ్వు గాలి తగిలి ముక్కిపోతుంది. అందుకే వీటికి గాలి చొరబడని డబ్బానే సరైనది. పెల్లెట్లను డబ్బాలో పారబోయకుండా, వచ్చిన సంచీతోనే డబ్బాలో దించుతాను. సంచీ మీదే తయారైన తేదీ, బ్యాచ్ నంబర్, పీచు శాతం ఉంటాయి. ఏదైనా తేడా వస్తే డాక్టర్ అడిగేవి అవే. పైగా నేరుగా పోస్తే ప్లాస్టిక్‌కు అంటిన కొవ్వు అక్కడే ముక్కిపోయి, కొత్తగా పోసినవాటికి వాసన పట్టిస్తుంది. పాతవాటి మీద కొత్తవి పోయడం ఇంకా పెద్ద పొరపాటు, అడుగున ఉన్నవి ఎప్పటివో ఎవరికీ గుర్తుండదు. తెరిచిన రోజు తేదీ మార్కర్‌తో సంచీ మీద రాస్తాను. ఎనిమిది వారాల్లో అయిపోయేంత సంచీయే కొంటాను. కిలో బరువుకు రోజుకు సుమారు 25 గ్రాములు అన్నది ఎదిగిన కుందేళ్లకు మామూలుగా చెప్పే కొలత. మబ్బుకు 50 గ్రాములు. ఎనిమిది వారాలకు 2.8 కిలోలు చాలు.

డబ్బా మూత గట్టిగా ఉండాలనడానికి గాలి ఒక్కటే కారణం కాదు. మబ్బు ఒకసారి అర కిందికి దూరి, మూత సరిగా పడని డబ్బాను ముక్కుతో నెట్టి పడేసింది. నేను వెళ్లేసరికి నేల మీద చెల్లాచెదురైన పెల్లెట్ల మధ్య కూర్చుని, తల ఎత్తకుండా కరకరలాడిస్తోంది. నన్ను చూసి ఇంకా తొందర తొందరగా నమలడం మొదలుపెట్టింది. అదృష్టం కొద్దీ అప్పుడే మొదలుపెట్టినట్టుంది. రాత్రంతా దొరికి ఉంటే ఆ పిండిపదార్థం పొట్టను కుదిపేసేది. కుందేలు తిండి కుందేలుకు అందని చోట ఉండాలి. మెత్తటి ప్లాస్టిక్ అయితే కొరికి చిల్లు పెడుతుంది, ఆ ముక్కలు మింగితే మరో ప్రమాదం. ఎలుకల సంగతీ అంతే. ఎలుక మూత్రం పడిన గడ్డి, పెల్లెట్లు ఏ కారణం చేతనూ వాడకూడదు.

పురుగుల భయం చాలామందికి ఉంటుంది. గడ్డిలో ఆవగింజ కంటే చిన్నగా, లేత రంగులో పాకే పురుగులు కనిపిస్తే అవి చాలాసార్లు బూజు తిని బతికే పేను జాతి పురుగులు. అవి కుందేలును కుట్టవు, మనల్నీ కుట్టవు. అవి చేరాయంటే మాత్రం చెమ్మ చేరిందని అర్థం. ఆ గడ్డి మామూలుగా ఉంటే సంచీలో కట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే చస్తాయి. తీశాక వెంటనే సంచీ విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచాలి, లేకపోతే చల్లటి గడ్డికి తేమ పట్టి మళ్లీ మొదటికే వస్తాం. పురుగులు వస్తాయని ముందుగానే గడ్డి దగ్గర కలరా ఉండలు వేయడం, చుట్టూ బొద్దింకల మందు కొట్టడం మాత్రం దయచేసి చేయకండి. గడ్డి చుట్టుపక్కల వాసనను పీల్చుకుంటుంది, ఆ మందు కుందేలు పొట్టలోకి పోతుంది. ఫినాయిల్, వాషింగ్ పౌడర్, పెయింట్ డబ్బాలు ఉన్న అరలో గడ్డి పెట్టకూడదన్నదీ ఇందుకే.

ఆకుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కడిగి, నీళ్లు బాగా విదిలించి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటాయి. వాడిపోయినవి పెట్టవచ్చు, జిగురు తేలినవి కూడదు. మెషీన్‌తో కోసిన పచ్చిక కుప్పలు నిల్వ చేయకూడదు, నలిగిన గడ్డి గంటల్లోనే పులవడం మొదలవుతుంది.

లిట్టర్‌కు కాగితం గుళికలు గానీ, ఆరబెట్టి చేసిన చెక్క గుళికలు గానీ తడి తగలని చోట ఉంచితే చాలు. దేవదారు, పైన్ చెక్క పొట్టు, తడిస్తే ముద్దకట్టే రకం మట్టి ఇంట్లోకే తేవద్దు. ట్రేకి పట్టే తెల్లటి గార కాల్షియం. కుందేలు ఒంట్లో ఎక్కువైన కాల్షియం మూత్రంలోనే పోతుంది. దానికి వెనిగర్ ఒక్కటి చాలు, ఘాటైన క్లీనర్లు అక్కర్లేదు.

ఆఖరుది మందుల పెట్టె. ఇంట్లో మందులు ఉంటే జనం సొంత వైద్యం మొదలుపెడతారని అభ్యంతరం చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ భయం న్యాయమైనదే. కుక్కలకు, మనుషులకు వాడే కొన్ని మందులు కుందేలును చంపేస్తాయి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, అమోక్సిసిలిన్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను తుడిచిపెడతాయి. పిడుదులకు, గోమార్లకు కుక్కల మీద వేసే ఫిప్రోనిల్ కుందేలుకు విషం. అందుకే నా పెట్టెలో యాంటీబయాటిక్ ఒక్కటీ లేదు. ఉన్నవి డిజిటల్ థర్మామీటర్, సూది లేని సిరంజిలు, కోలుకునే కుందేళ్లకు నీళ్లలో కలిపి పట్టే పీచు పొడి, గాజుగుడ్డ, ఒక చిన్న తూకం. ఆ పొడి కూడా డాక్టర్‌కు ఫోన్ చేశాకే వాడతాను. పేగుకు ఏదైనా అడ్డుపడి ఉంటే బలవంతంగా తాగించడం ప్రాణం మీదికి తెస్తుంది. థర్మామీటర్ ఎందుకంటే, కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 38 కంటే తగ్గిందని ఫోన్‌లో చెప్పగలిగితే డాక్టర్‌కు ఎంత తొందరపడాలో వెంటనే తెలుస్తుంది. ఆ రాత్రి నా దగ్గర థర్మామీటర్ లేదు. "ఒళ్లు చల్లగా ఉన్నట్టుంది" అని మాత్రమే చెప్పగలిగాను.

పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించాను. పగటి డాక్టర్ నంబర్, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి నంబర్, మబ్బు బరువు, రోజుకు గడ్డి ఎంత, పెల్లెట్లు ఎంత, పొడి ఎక్స్‌పైరీ తేదీ. దాని కింద మా అమ్మాయి తన చేతిరాతతో ఇంకో వరుస చేర్చింది: "గడ్డి తినకపోతే ముందు సంచీ వాసన చూడండి." మేము ఊరెళ్లినప్పుడు మబ్బును చూసుకునేవాళ్లకు తాళంతో పాటు ముందుగా చూపించేది ఆ కాగితాన్నే.